గడ్డీ, గొడ్డూ, ఇచ్చిన మాటా



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని కార్యవర్గం వారు అడిగారు. ఉదయగిరి కోట గురించో, బకింగ్‌హాం కాలువ గురించో రాస్తాననుకుని ఉంటారు. అవి నాకన్నా బాగా రాయగలిగినవారు మన సంఘంలోనే ఉన్నారు. నేను రాయబోయేది అమెరికా వారి గుర్రపు నవలల గురించి. నవ్వకండి. ఆ నవలలు చదివి చదివి చివరకు నేను చేరుకున్నది మన నెల్లూరు సీమకే, మన పుల్లరి తగాదాకే. అది చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

నేను 1971లో గుమాస్తాగా చేరాను. ఇంగ్లీషు డ్రాఫ్టు రాయడం రాదని పైవారి చేత చీవాట్లు తింటున్న రోజులు. రోజూ ఇంగ్లీషు ఏదో ఒకటి చదివితే చెయ్యి తిరుగుతుందని మా హెడ్‌క్లర్కు గారు సలహా ఇచ్చారు. మదరాసు వెళ్ళినప్పుడల్లా సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్లో పాత పుస్తకాలు తెచ్చుకునేవాడిని. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది. దాని మాట వస్తే ఇప్పటికీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. షేక్‌స్పియరు ఖరీదెక్కువ. అట్ట మీద గుర్రం, తుపాకీ ఉన్న పుస్తకాలు చవక. అలా అలవాటైంది. డ్రాఫ్టు బాగుపడిందో లేదో చెప్పలేను గాని నవలల పిచ్చి మాత్రం పట్టుకుంది. అట్టల మీద బొమ్మలు చూసి మా నాయనగారు అవి రౌడీల పుస్తకాలనే అనుకున్నారు. ఆయన అభిప్రాయం చివరిదాకా మారలేదు.

అవి ఉత్త రౌడీల పుస్తకాలు కావు. కనీసం మొదటి తరంవి కావు. 1902 నుంచి ఒక ఇరవై ఏళ్ళ లోపల వచ్చిన వాటిలో మంచివి తీసుకుంటే, తుపాకీ కాల్పులు పుస్తకంలో పదో వంతు కూడా ఉండవు. మిగిలినదంతా ధర్మ మీమాంస. కోర్టు నాలుగు రోజుల ప్రయాణం దూరంలో ఉన్నచోట, పోలీసు లేనిచోట, ఉన్నా వాడు ఒక పక్షానికి అమ్ముడుపోయినచోట, మంచివాడు ఏం చెయ్యాలి? ఇచ్చిన మాటకు విలువ ఎంత? స్నేహితుడు తప్పు చేస్తే స్నేహం పెద్దదా, ధర్మం పెద్దదా? ఈ ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

ముందుగా ఓవెన్ విస్టర్ రాసిన ‘ది వర్జీనియన్’. 1902లో వచ్చింది. ఈ జాతి నవలలన్నిటికీ మూలపురుషుడు ఇదే అంటారు. విస్టర్ పశువులు కాసినవాడు కాదు. ఫిలడెల్ఫియాలో పెద్ద కుటుంబం, హార్వర్డు చదువు. 1885లో ఒంట్లో బాగాలేక గాలి మార్పు కోసం వయోమింగ్ వెళ్ళి ఆ నేల మీద మనసు పారేసుకున్నాడు. పుస్తకాన్ని తన మిత్రుడు థియొడోర్ రూజ్‌వెల్టుకు అంకితమిచ్చాడు. అప్పటికి ఆయన అమెరికా అధ్యక్షుడు.

కథానాయకుడికి పేరు లేదు. వర్జీనియా నుంచి వచ్చాడు కనుక వర్జీనియన్. ఒక జడ్జిగారి పశువుల మంద మీద మేస్త్రీ. అతనికి స్టీవ్ అనే ప్రాణస్నేహితుడు. ఒక కంచంలో తిని ఒక దుప్పటిలో పడుకున్నవాళ్ళు. ఆ స్టీవ్ పశువుల దొంగల్లో కలుస్తాడు. దొంగలను పట్టుకోవడానికి వెళ్ళిన జట్టుకు వర్జీనియనే పెద్ద. పట్టుబడ్డవాళ్ళలో స్టీవ్ ఉన్నాడు. విచారణ లేదు, వాయిదా లేదు. తెల్లవారగానే చెట్టుకు ఉరి. స్టీవ్ అందరితోనూ మాట్లాడతాడు, హాస్యమాడతాడు. వర్జీనియన్‌తో మాత్రం ఒక్క మాట మాట్లాడడు. ఆ మౌనం ఇతన్ని చాలాకాలం కాల్చుకు తింటుంది. తరువాత ఒక పత్రిక అంచున స్టీవ్ గీకిన రెండు ముక్కలు దొరుకుతాయి. నీతో మాట్లాడితే చిన్నపిల్లవాడిలా ఏడ్చేసేవాడిని, అందుకే మాట్లాడలేదని దాని భావం. దుర్మార్గుడు ట్రాంపాస్‌తో చివరి ద్వంద్వ యుద్ధం అందరికీ తెలుసు. సినిమాల వాళ్ళు దాన్నే పట్టుకున్నారు. నా మటుకు నవల అంతా ఆ ఉరి రాత్రిలోనే ఉంది.

ఆ ఊరికి బడిపంతులమ్మగా వచ్చిన మోలీ ఈ సంగతి విని మంచంపట్టినంత పని అవుతుంది. అప్పుడు జడ్జిగారు ఆమెకు నచ్చజెబుతారు. చట్టాన్ని చేసింది ప్రజలే, కోర్టుల చేతికి ఇచ్చింది ప్రజలే, ఆ కోర్టులు దొంగలను వదిలేస్తుంటే ఇచ్చిన అధికారాన్ని ప్రజలు తిరిగి తీసుకోవడం చట్టధిక్కారం కాదు పొమ్మంటారు. దక్షిణాదిలో నల్లవారిని బహిరంగంగా చంపుతున్నది వేరు, ఇది వేరు అని కూడా ఒక భేదం చూపిస్తారు. వాదన వినడానికి సొంపుగా ఉంటుంది. ముప్పై ఏడేళ్ళు ఫైళ్ళు చూసిన నాకు అందులో ఒక లోపం కనిపించింది. మందల యజమానీ ఆయనే, న్యాయం చెప్పేదీ ఆయనే. తన సొంత కేసులో తనే తీర్పు రాసుకుంటున్నాడు.

అసలు చరిత్ర తీస్తే ఆ లోపం ఇంకా పెద్దది. 1892 ఏప్రిల్‌లో వయోమింగ్‌లో జాన్సన్ కౌంటీ యుద్ధమని ఒకటి జరిగింది. పెద్ద పెద్ద మందల ఆసాములు టెక్సాసు నుంచి కిరాయి తుపాకీగాళ్ళను తెప్పించి, రైలెక్కించి, చిన్న రైతుల మీదికి దండు నడిపారు. పశువుల దొంగలను ఏరిపారేస్తున్నామని పేరు. చంపవలసినవారి జాబితా కూడా జేబులో పెట్టుకుని వెళ్ళారు. నేట్ చాంపియన్ అనే ఒక చిన్న ఆసామిని గుడిసెలో చుట్టుముట్టారు. అతను రోజంతా ఒంటరిగా ఎదుర్కొన్నాడు. గుళ్ళు పడుతుంటేనే, మధ్యమధ్య ఒక చిన్న నోటుపుస్తకంలో జరుగుతున్నది రాసుకున్నాడు. చివరికి గుడిసెకు నిప్పుపెట్టి, బయటికి పరుగెత్తినవాడిని కాల్చారు. ఇది విని చుట్టుపక్కల జనం కదిలివచ్చి దండును ముట్టడిస్తే, అధ్యక్షుడి ఉత్తర్వుతో సైన్యం వచ్చి ఆ దండునే కాపాడింది. కేసు పెట్టారు. ఖైదీల పోషణకు, విచారణ ఖర్చులకు కౌంటీ దగ్గర డబ్బు లేక 1893లో కొట్టేశారు. బడ్జెట్టు లేదని న్యాయం ఆగిపోవడం మనకు కొత్త కాదు గదా!

విస్టర్ మనసు పెద్ద ఆసాముల వైపే. అయినా అబద్ధం రాయలేకపోయాడు చూడండి. జడ్జిగారి నోట అన్ని సమర్థనలు పలికించినవాడు, స్టీవ్ మౌనానికి మాత్రం సమాధానం రాయలేదు. రచయిత పక్షం ఒకటి, అతని చెయ్యి రాసింది ఇంకొకటి. మంచి పుస్తకానికి గుర్తు అదేననుకుంటాను.

తరువాత జేన్ గ్రే. పేరు చూసి ఆడమనిషి అనుకున్నాను మొదట. మగవాడే, పళ్ళ డాక్టరు. ఆ వృత్తి వదిలేసి నవలలు రాసి లక్షలు గడించాడు. 1912 నాటి ‘రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్’ అతని పుస్తకాల్లో ప్రసిద్ధమైనది. యూటా ఎడారి అంచున జేన్ విదర్‌స్టీన్ అనే యువతికి తండ్రి ఇచ్చిన మందలు, గుర్రాలు, అన్నిటికీ మించి ఒక నీటి ఊట ఉన్నాయి. తమ మాట విని పెళ్ళాడలేదని ఊరి మతపెద్దలు ఆమె మందలను బెదరగొట్టి తోలేస్తారు, పనివాళ్ళను మాన్పిస్తారు. లాసిటర్ అనే తుపాకీవాడు ఆమెకు అండగా నిలుస్తాడు. ఆమె మాత్రం పుస్తకం పొడుగునా అతన్ని బతిమాలుతుంది, తుపాకులు వదిలెయ్యమని. రక్తంతో వచ్చే రక్షణ నాకు వద్దంటుంది. చివరకు శత్రువులు వెంట తరుముతుండగా ఇద్దరూ ఒక చిన్నపిల్లను తీసుకుని కొండ సందులోకి చేరతారు. పైన కదలడానికి సిద్ధంగా ఉన్న పెద్ద బండ. అది దొర్లిస్తే వెంట వచ్చేవాళ్ళు నలిగిపోతారు, వీళ్ళు కూడా ఆ లోయలోనుంచి ఎన్నటికీ బయటికి రాలేరు. అతను తటపటాయిస్తాడు. దొర్లించమని అరిచేది ఆమే!

మా ఆవిడకు ఈ కథ చెబితే, ‘అంతదాకా తెచ్చినవాళ్ళను వదిలేసి ఆ పిల్లను తప్పుపడతారేమిటి’ అంది. నేను తప్పుపట్టలేదు. అహింస అనేది నీళ్ళూ మందలూ మన చేతిలో ఉన్నంతవరకే సులభమా అన్నదొక్కటే నా సందేహం. గాంధీగారు ఉప్పు తీస్తున్నప్పుడు మన కోస్తాలో దెబ్బలు తిన్నవారికి మందలూ లేవు, ఊటలూ లేవు. వాళ్ళు ఏ బండా దొర్లించలేదు. దీని మీద మాకిద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.

మూడోది ఆండీ ఆడమ్స్ రాసిన ‘ది లాగ్ ఆఫ్ ఎ కౌబాయ్’, 1903. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఈయన నిజంగా మందలు తోలినవాడు. మూడు వేల పైచిలుకు పశువులను మెక్సికో సరిహద్దు నుంచి ఉత్తరాన మోంటానా దాకా నెలల తరబడి తోలుకుపోయిన కథ. ద్వంద్వ యుద్ధం, ప్రేమ ఏమీ లేవు. ఏరు దాటించడం, రాత్రి కాపలా, మంద బెదిరి పరుగెత్తడం. ఒకచోట మూడు రోజులు నీళ్ళు దొరక్క పశువులకు కళ్ళు కనిపించకుండా పోతాయి. ఎంత అదిలించినా లెక్కచేయకుండా వెనక్కి, తమకు గుర్తున్న నీటివైపు తిరిగిపోతాయి. అది చదివితే గొడ్డును ఎరిగినవాడికి గొంతు ఆర్చుకుపోతుంది.

ఇందులో ఒక సంగతి ఉంది, ఆడమ్స్ దాన్ని నొక్కి చెప్పకుండా వదిలేశాడు. ఆ మంద ఎవరి కోసం? సర్కారు కంట్రాక్టు మీద బ్లాక్‌ఫుట్ అనే ఆదివాసుల రేషను కోసం. ఆ గడ్డి భూములన్నీ ఒకప్పుడు వాళ్ళవీ, వాళ్ళలాంటివారివీ. వాళ్ళు వేటాడుకు తినే అడవి దున్నలను తెల్లవాళ్ళు తుడిచిపెట్టేశారు. ఇప్పుడు వాళ్ళ నేల మీదుగానే తోలుకొచ్చిన పశువులను వాళ్ళకే లెక్కపెట్టి ఇస్తున్నారు. ఈ నవలలన్నిటిలోనూ గడ్డి ఎవరిదని పెద్ద ఆసామీ చిన్న ఆసామీ కొట్టుకు చస్తారు గాని, అంతకుముందు ఎవరిదని అడిగేవాడు అరుదు. మనమూ పెద్దగా అడగలేదు లెండి. 1970 ప్రాంతంలో శ్రీహరికోటకు రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు ఆ దీవి అడవిలో తరతరాలుగా బతికిన యానాదులు బయటికి రావలసివచ్చింది. రాకెట్టు లేచిన ప్రతిసారీ నేను మేడ మీదికెక్కి చప్పట్లు కొట్టినవాణ్ణే.

ఇక మన కథకు వస్తాను. విస్టర్ నవల రెండోసారి చదువుతున్నప్పుడు నాకు తట్టింది, ఈ తగాదా నేను చిన్నప్పుడే విన్నానే అని. మా ఊరి గంగ జాతరలో కొమ్మువారు పాడిన కాటమరాజు కథ! కొమ్ము ఊదుతూ, రాత్రంతా, గొల్లల ఇళ్ళ ముందు. మేం పిల్లలం యుద్ధం వచ్చేదాకా మేలుకోలేక నిద్రపోయేవాళ్ళం. పెద్దయ్యాక, తంగిరాల వెంకట సుబ్బారావు గారు శ్రమపడి సేకరించి ప్రకటించిన కథాచక్రం చదివాను.

సంగతి పదమూడో శతాబ్దం నడిమిది. నెల్లూరును మనుమసిద్ధి ఏలుతున్నాడు. కథలో నల్లసిద్ధి అంటారు. కాటమరాజు గొల్లల దొర. వానలు లేక, మేత లేక, వేలకు వేల ఆవులను తోలుకుని దక్షిణానికి, నెల్లూరి వారి గడ్డి బీళ్ళకు వచ్చాడు. ఆడమ్స్ మందలాగే. రాజుతో కవులు కుదిరింది. మేసినందుకు పుల్లరి, అంటే మందలో పుట్టిన కోడెదూడలు రాజుకు చెల్లించాలి. మేత, మందకు రక్షణ రాజు ఇవ్వాలి. కొంతకాలం బాగానే జరిగింది. తరువాత చెడింది. ఎందుకు చెడిందన్నది పాడేవారిని బట్టి మారుతుంది. రాజు ఉంపుడుగత్తె పెంచుకున్న చిలుక ఆవులను బెదరగొడితే గొల్లలు దాన్ని కొట్టి చంపారనీ, ఆమె పగబట్టి ఆవులను చంపించిందనీ ఎక్కువగా చెబుతారు. ఒక చిలుక కోసం యుద్ధమా అని తీసిపారేయకండి. జాన్సన్ కౌంటీలో కాల్పులకు దారితీసిన తగాదాలు విడివిడిగా చూస్తే ఒక్కో దూడ కోసం, ఒక్కో వాత ముద్ర కోసమే.

రక్షణ ఇవ్వలేదు కనుక పుల్లరి ఇవ్వనని కాటమరాజు. గడ్డి మేశావు కనుక పుల్లరి కట్టవలసిందేనని సిద్ధిరాజు. రెవిన్యూలో పనిచేసిన మిత్రులు ఒక్కసారి ఆలోచించండి. ఈ ఫైలు మీ బల్ల మీదికి వస్తే ఏం నోటు పెడతారు? కవులులో షరతు రెండు వైపులా ఉంది. ఒక వైపు తప్పితే రెండో వైపు రద్దయిపోతుందా? నేను ఎన్నిసార్లు ఆలోచించినా నోటు కుదరలేదు. పైన దిగుబడి కోరే రాజ్యం, చెరువు కింద మాగాణి పెంచుకునే రైతు. ఇటు నేల నిలకడ లేని పశుపాలకుడు. 1874లో గ్లిడెన్ అనే అతను ముళ్ళతీగకు పేటెంటు పొందిన తరువాత అమెరికా పచ్చిక బీళ్ళలో వచ్చిన తగాదా, మన దగ్గర ముళ్ళతీగ లేకుండానే ఆరు వందల ఏళ్ళ ముందు వచ్చింది.

సిద్ధిరాజు వైపు దళపతి ఖడ్గ తిక్కన. భారతం తెనిగించిన తిక్కన సోమయాజికి పినతండ్రి, పెదతండ్రి బిడ్డల వరుస. సోమయాజికి దశకుమార చరిత్రము అంకితమిచ్చిన కేతన ఆ కుటుంబ వర్ణనలో ఈ వీరుణ్ణి కూడా కీర్తించాడు. ఈ తిక్కన మొదటిసారి యుద్ధంలో తన బలం నశించిపోయి ఇంటికి తిరిగి వస్తాడు. భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచుతుంది. ఇదేమిటని అడిగితే, ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్ళం, నీతో ముగ్గురం అయ్యామంటుంది. తల్లి ప్రోలమ్మ భోజనంలో విరిగిన పాలు పోస్తుంది. నీలాగే ఇవీ విరిగాయి నాయనా అంటుంది. ఆయన తినకుండా లేచి వెళ్ళి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర పోరాడి చనిపోతాడు. ఆ చోటు కనిగిరి వైపు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి కూడా మన నెల్లూరు జిల్లాలోదే.

ఈ పసుపు ముద్ద కథ మన బడుల్లో వీరత్వానికి ఉదాహరణగా చెప్పేవారు. నాకిప్పుడు వేరుగా అనిపిస్తుంది. వర్జీనియన్ నవలలో పెళ్ళికూతురు మోలీ, పెళ్ళికి ముందు సాయంత్రం, వీధిలోకి తుపాకీతో వెళ్ళవద్దని ప్రాధేయపడుతుంది. అతను వినకుండా వెళ్తాడు, గెలిచి వస్తాడు, ఆమె ప్రాణం కుదుటపడుతుంది, తరువాత అతను బొగ్గు గనుల ఆసామి అవుతాడు. మన కథలో బతికి వచ్చినవాడిని చావుకు తిరిగి పంపేది తల్లీ పెళ్ళామూ. అక్కడ ధర్మం కోసం పోరాడినవాడికి సంసారం, ఆస్తి బహుమానం. ఇక్కడ బహుమానం లేదు. అటు గొల్లవీరులు, ఇటు నెల్లూరి బలం, కులాల తేడా లేకుండా అందరూ పంచలింగాల ఇసుకలో పడిపోతారు. కాటమరాజు పక్షాన బీరినీడు లాంటి వీరులను కొమ్మువారు ఎంత మెచ్చుకుంటారో, శత్రువైన ఖడ్గ తిక్కన చావుకూ అంత బాధపడతారు. కాటమరాజు వంశమని చెప్పుకునేవారి ఇళ్ళ ముందు నిలబడి, వారిచ్చే బియ్యం తీసుకుంటూ, అవతలి పక్షం వీరుడి కోసం కంటతడిపెట్టే గాయకులు! విస్టర్ పుస్తకంలో ట్రాంపాస్ కోసం ఎవరూ ఏడవరు. నేను నెల్లూరివాణ్ణి కనుక పక్షపాతంతో అంటున్నానని కొందరు అనవచ్చు. అననీయండి.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. 1971లోనే ‘మోసగాళ్ళకు మోసగాడు’ సినిమా వచ్చింది. కృష్ణగారు టోపీ, తుపాకీ, గుర్రంతో రాజస్థాన్ ఎడారిలో. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేం నలుగురం గుమాస్తాలం రెండుసార్లు చూశాం. దానికి కథ, మాటలు రాసింది ఆరుద్ర. అమెరికా వాళ్ళ వేషాన్ని తెలుగు నిధి కథకు తొడిగారు. అదే ఆరుద్ర కాటమరాజు కథను కూడా రంగస్థలానికి రాశారు. రెండూ ఒక్క చేతి రాత అని నాకు చాలాకాలం తెలియదు. తెలిసిన తరువాత, ఈ రెండింటికీ చుట్టరికం ఉందని నేను ఊహించుకోవడం మరీ పిచ్చి కాదని ధైర్యం వచ్చింది. ఇంకో చుట్టరికం కూడా ఉంది. టెక్సాసు వైపు వేడికి తట్టుకునే బ్రాహ్మన్ అనే పశుజాతిని తయారుచేసినప్పుడు, కలిపిన భారతదేశపు జాతుల్లో మన నెల్లూరు, ఒంగోలు జాతి ఒకటి. బ్రెజిలులో అయితే ఆ జాతిని నెలోర్ అనే పిలుస్తారు, అక్కడి మందల్లో అదే ముఖ్యం. డల్లాసులో ఉన్న మా మనవడు అక్కడి పశువుల సంతలో మూపురం ఉన్న ఎద్దు పక్కన నిలబడి ఫొటో పంపాడు. ‘తాతయ్యా, ఇది అమెరికా ఎద్దు’ అని రాశాడు. వాడికి ఫోను చేసి అరగంట చెప్పాను.

ఇంతవరకు పుస్తకాల సంగతి. వీటిని నేను ఎందుకు వదల్లేకపోయానో చెప్పకుండా ముగిస్తే మీకు నిజం చెప్పినట్టు కాదు.

1970ల నడుమ నేను కోస్తా వైపు ఒక చిన్న కచేరీలో పనిచేశాను. ఊరు, కచేరీ పేర్లు అనవసరం. బందెలదొడ్డి కాగితాలు నా సీటులో ఉండేవి. ఈ తరం పిల్లలకు తెలియదు గాని, పరాయి చేలో పడి మేసిన గొడ్లను తోలుకొచ్చి అందులో కట్టేసేవారు. జుల్మానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. గడువులోగా రాకపోతే దండోరా వేయించి వేలం. సముద్రపు ఒడ్డున ఒకప్పుడు గొడ్లు తిరిగిన బీడంతా సరుగుడు తోటలు, దిగువన వరి. గొడ్డు ఎటు కదిలినా ఎవరి హద్దులోనో పడేది. ఒకసారి ఒక ముసలి గొల్లాయనవి మూడు ఆవులు, ఒక కోడె అలా చిక్కాయి. ఆయన కచేరీకి వచ్చి నా బల్ల దగ్గర నిలబడి, ‘అయ్యా, సోమవారం పొద్దున్నే డబ్బు తెస్తాను, కూతురి ఊరికి పోయి తేవాలి’ అన్నాడు. గడువు శనివారంతో సరి. నేను తల పైకెత్తకుండానే ‘సరే, తే’ అన్నాను. నోటిమాటగా అన్నాను, నిజానికి వినిపించుకోలేదు కూడా. ఏదో నెలసరి స్టేటుమెంటు కూడుతున్నాను.

శనివారం సాయంత్రం వేలం జరిగింది. ఆపించాలంటే రెండు వాక్యాల నోటు చాలు. గుర్తు లేదనను. గుర్తుంది. రూలులో ఆ వెసులుబాటు ఉందో లేదో పైవారిని అడగడానికి బద్ధకించాను, కొంత భయపడ్డాను కూడా. అప్పటికి నా సర్వీసు ఇంకా ఖాయం కాలేదు.

సోమవారం ఆయన వచ్చాడు. తుండుగుడ్డ కొసన డబ్బు మూట. వేలమైపోయిందని చెప్పాను. ఖర్చులు పోను మిగులు సొమ్ము ఉంటుంది, అర్జీ పెట్టుకుంటే వస్తుందని కూడా చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఏడవలేదు, ‘నువ్వు సరే అన్నావు గదయ్యా’ అని కూడా అనలేదు. ముడి విప్పి డబ్బు ఒకసారి చూసుకుని, మళ్ళీ ముడి వేసుకుని వెళ్ళిపోయాడు. మిగులు సొమ్ముకు అర్జీ పెట్టలేదు. రెండేళ్ళు ఆ పద్దు నా రిజిస్టరులో అలాగే ఉండి, తరువాత సర్కారు ఖాతాకు జమ అయింది. జమ ఎంట్రీ కూడా నేనే రాశాను.

తరువాత ఏడాదో ఏడాదిన్నరకో, మూర్ మార్కెట్టు నుంచి తెచ్చిన వర్జీనియన్‌లో స్టీవ్ అందరితో మాట్లాడి ఒక్క స్నేహితుడితో మాట్లాడని చోటు వచ్చింది. పుస్తకం మూసేశాను. చాలా రోజులు మళ్ళీ తెరవలేదు. స్టీవ్ కనీసం ఒక కాగితం ముక్క వదిలిపెట్టాడు.

ఆ వేలం ఫైలులో ఆఖరి నోటు ఇప్పటికీ నాకు కంఠస్థం. ‘గడువులోగా హక్కుదారు ఎవరూ హాజరు కాలేదు. ఏ విధమైన విజ్ఞప్తీ అందలేదు.’ కింద నా పొడి సంతకం, తేదీ.